మా నల్లా కోసినవాళ్లు

మా వార్డుకు కౌన్సిలర్ ఒకామె. ఆమె గొంతు ఎలా ఉంటుందో మా వాడలో చాలామందికి తెలియదు. ప్రమాణస్వీకారం రోజు కాగితం చూసి చదివినప్పుడు విన్నవాళ్లు కొందరున్నారట. మిగతా మాటలన్నీ ఆమె మొగుడే మాట్లాడతాడు. ఓట్లు పడింది ఆమెకు, కుర్చీ ఆమెది. తెల్ల చొక్కా, బండి మీద స్టిక్కరు, వాడ మీద పెత్తనం మాత్రం ఆయనవి. కౌన్సిలర్ సాబ్ అంటే అందరికీ ఆయనే. ఒక మనిషిని ద్వేషించాలన్నా అతని మీద కాస్త గౌరవం ఉండాలి. నాకు ఆయన మీద అంత కూడా లేదు.

నేను పుట్టింది సిరిసిల్లలో. మరమగ్గాల చప్పుడులో పెరిగాను కాబట్టి నాకు గట్టిగా మాట్లాడే అలవాటు. పెళ్లి చేసుకుని వచ్చింది ఒక చిన్న ఊరికి. గ్రామపంచాయతీ అన్న బోర్డు మీద రంగు పూసి, మున్సిపాలిటీ అని రాసుకున్న ఊరు. పేరు చెప్పను, చెబితే వాళ్లకు అదో ఘనత. అక్కడి నుంచి రోజూ బస్సులో కోరుట్ల పోయి ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను.

ఇంట్లో అత్తమ్మ, మామయ్య, నేను. నా భర్త మస్కట్‌లో డ్రైవరు. మామయ్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. అన్నీ మంచంలోనే. రోజూ దుప్పట్లు ఉతకాలి, ఒళ్లు తుడవాలి. అత్తమ్మ బీడీలు చేస్తుంది. ఆమె తల్లిదండ్రులు, మామయ్య తల్లిదండ్రులు ఎవరి పొలంలోనో కూలి చేసి ఎవరి పెరట్లోనో పడుకున్నవాళ్లు. ఈ ఇంటి జాగా రెండు వంశాల్లోనూ మొదటి సొంత నేల. ఆదివారం చర్చికి బయల్దేరినప్పుడు కూడా అత్తమ్మ గేటు గొళ్లెం పెట్టి గుంజి చూసుకుని గానీ కదలదు.

మా వాడ చివర కౌన్సిలర్ మొగుడు కొంత పొలం కొని ప్లాట్లు చేశాడు. రంగు రాళ్లు పాతించాడు. పెద్ద ఆర్చి కట్టించాడు. ఆ ఆర్చి కిందుగా లారీ పోతుంది కానీ, ఆర్చి దాకా రావడానికి మా వాడలో లారీ పట్టదు. దాంతో మా వాడకు హఠాత్తుగా అభివృద్ధి అవసరమైంది.

ఒకరోజు పొద్దున ఆయన నలుగురిని వెంటేసుకుని మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఒక కాగితం. రోడ్డు వెడల్పు కోసం ఇంటి ముందు జాగా ఇష్టపూర్వకంగా ఇస్తున్నామనీ, దానికి బదులు ఏమీ అడగమనీ అందులో టైపు చేసి ఉంది. ఎంత జాగా అన్నచోట ఖాళీ వదిలారు.

"పెద్దమ్మా, గిక్కడ నిషాని పెట్టు. రోడ్డు పెద్దగైతది, మీ ఇంటికి ధర అస్తది," అన్నాడు వేలిముద్రకు చోటు చూపిస్తూ.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని బీడీ ఆకు కత్తిరిస్తోంది. తలెత్తకుండానే, "నిషాని ఎందుకు బిడ్డా, నాకు సంతకం అస్తది. గందుకే సదివినంక పెడ్త. ఎంత జాగ పోతది?" అంది.

"గదంత తర్వాత కొలుస్తరు."

"కొల్వకుంట ఎట్ల ఇయ్యాలె? బట్టల దుకాణంల గూడ ముందుగాల కొలుస్తరు, ఆ తర్వాతనె కత్తెర పెడ్తరు."

వెంట వచ్చినవాళ్లలో ఒకడు నవ్వాడు. కౌన్సిలర్ మొగుడు అటు చూసేసరికి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"వాడంత పెట్టిన్రు పెద్దమ్మా. నువ్వొక్కదానివే మిగిలినవ్."

"వాడంత పెట్టిన్రు గద, మల్ల నా ఒక్కదాని సంతకంతోని నీకేం పని?"

నేను కాగితం తీసుకుని చూశాను. ముద్ర లేదు, ఆఫీసు పేరు లేదు. "ఇది మున్సిపాలిటీ కాగితమా, మీ సొంత కాగితమా?" అని అడిగాను. ఆయన కాగితం నా చేతిలోంచి లాక్కుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"టీచరమ్మా, నీకు చట్టాలు మస్తు తెలిసినట్టున్నయ్. చూద్దాం," అన్నాడు.

మా వైపు చేతగాని పెద్దమనుషులంతా బెదిరించేటప్పుడు వాడే మాట అదే. చూద్దాం. చూడటానికి ఏముంటుందో ఎవరూ చెప్పరు.

ఆ వచ్చే ఆదివారమే చూపించాడు. ఆదివారం ఆఫీసులుండవు, కోర్టులుండవు, అడగడానికి చోటుండదు. అంత మాత్రం తెలివి ఆయనకుంది. అత్తమ్మా నేనూ చర్చి నుంచి వచ్చేసరికి మా గేటు ముందు ఇద్దరు పనివాళ్లు గడ్డపారతో తవ్వుతున్నారు. నీళ్ల పనులు చూసే మున్సిపాలిటీ ఇంజినీరు పక్కింటి నీడలో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏం జేస్తున్నర్రా?" అని అత్తమ్మ పరుగున వెళ్లింది.

"మాకేం తెల్వదమ్మా, సార్ జెప్పిండు," అన్నాడు పనివాళ్లలో పెద్దవాడు, మట్టి వైపే చూస్తూ.

"మీ కనెక్షన్ మీద కంప్లైంట్ ఉన్నదమ్మా," అన్నాడు ఇంజినీరు.

"ఏం కంప్లైంట్ సార్?" అన్నాను.

"రేపు ఆఫీసుకు రా, చెప్తం."

అత్తమ్మ చర్చికి కట్టిన తెల్లచీరతోనే ఆ గుంతలో కాలు పెట్టి నిలబడింది. లోపల మామయ్య ఒక్కడే ఉన్నాడని, ఆయనకు రోజూ ఎన్ని నీళ్లు కావాలో చెప్పింది. ఇంజినీరు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నాలుగడుగులు అవతలికి పోయాడు. అవతల ఎవరూ మాట్లాడటం లేదని నాకు తెలుసు. స్క్రీను చీకటిగానే ఉంది. పనివాడు బతిమాలి అత్తమ్మను పక్కకు జరిపాడు. పైపు కోశారు, బిరడా బిగించారు, మట్టి కప్పి తొక్కారు.

మర్నాడు బడికి సెలవు పెట్టి మున్సిపాలిటీకి పోయాను. ఇంజినీరు టీ తాగుతున్నాడు.

"ఏ కారణం మీద మా నల్లా తీసిన్రు సార్?"

"పైనుంచి చెప్పిన్రు."

నేను పైకి చూశాను. పైన ఫ్యాను తిరుగుతోంది.

"మా బిల్లు ఏమన్న బాకీ ఉన్నదా?"

"లేదు."

"నీళ్లు అమ్ముకుంటున్నమా? మోటరు పెట్టి గుంజుతున్నమా?"

"గదేం లేదు. రోడ్డు పనికి సహకరిస్తలేరట గద. సంతకం పెట్టున్రి, సాయంత్రం వరకు నీళ్లస్తయ్."

"తీసేముందు నోటీసియ్యాలె గద. నోటీసేది సార్?"

"నోటీసెందుకమ్మా, నోటితోని చెప్పిన్రు గద!" అని, తన చమత్కారానికి తానే మురిసిపోయి టీ ఒలికేలా నవ్వాడు.

ఆ మాటే రాసి ఇవ్వమన్నాను. నవ్వు ఆపి, రాసుడేముండదన్నాడు. ఈయన ఇంజినీరింగు చదివాడు. పరీక్షలు రాశాడు. ఉద్యోగం వచ్చిన రోజు ఇంట్లోవాళ్లు మిఠాయి పంచి ఉంటారు. అంత చదివి చేస్తున్న పని, ఒక ప్లాట్ల వ్యాపారి చెప్పిన ఇంటికి నీళ్లు ఆపడం.

కౌన్సిలర్ మొగుడికి అదీ చాలలేదు. రెండోనాడు కరెంటు లైన్‌మన్ మా ఇంటి ముందు బండి ఆపాడు. స్తంభం వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"అమ్మా, మీకు కరెంటు గూడ కట్ జెయ్యుమని ఫోన్ జేసిండు గాయన," అన్నాడు. "స్తంభం మాది, మున్సిపాలిటీది గాదు. మీ బిల్లు గట్టే ఉన్నది. కట్ జేస్తె రేపు నన్నడుగుతరు, ఆయన్ని అడగరు. నేను చెయ్య. మీకు చెప్పి పోదామని అచ్చిన."

న్యాయం కోసం కాదు, నౌకరి కోసం చేసిన మంచి. అయినా ఆ వారంలో సర్కారు మనుషుల నుంచి మాకు జరిగిన మంచి అదొక్కటే.

నీళ్ల కోసం మొదట పక్కింటామె గోడ మీదుగా పైపు వేసింది. బిందెలు నింపుకున్నాం, దుప్పట్లు ఉతుక్కున్నాం. నల్లా నీళ్లు వదిలే తర్వాతి రోజు పైపు రాలేదు. గోడ దగ్గరికి పోతే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీకు నీళ్లిస్తె మాది గూడ తీసేస్తరట అక్కా. పిల్లలున్నరు. ఏమనుకోకు," అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

మిగతా వాడ సంగతి వేరు. అంతా అటు మొహం తిప్పుకుని మా గేటు దాటేవాళ్లు. మా బిందెలు ఖాళీగా ఉండటం వాళ్లకు ఇబ్బంది కాదు. మేం ఇంకా సంతకం పెట్టకపోవడమే ఇబ్బంది. ఎదురింటాయన సర్కారు నౌకరి చేసి రిటైరైనవాడు. ఆయన ఒకరోజు గేటు దగ్గర ఆగి, "పంతం ఎందుకమ్మా, పెద్దోళ్లతోని మనకేంది? ముసలాయన అవస్థ అన్న చూడున్రి," అన్నాడు. అవస్థ తెచ్చినవాడికి చెప్పే ధైర్యం లేదు. అనుభవిస్తున్నవాళ్లకు చెప్పడానికి మాత్రం గేటు దాకా నడిచి వచ్చాడు.

నా భర్త ఫోన్‌లో అదే పాట పాడాడు. "ఎందుకే లొల్లి? పెట్టరాదున్రి సంతకం. జాగ పోతే పోతది." అత్తమ్మ ఫోన్ గుంజుకుంది. "నువ్వక్కడ ఎడారిల ఉండి నాకు నీళ్ల సంగతి చెప్తవా కొడుకా? జాగ నువ్వు సంపాయించినవా పోతే పోతదననీకె?" అని పెట్టేసింది. బడిలో మా కరస్పాండెంట్ కూడా పిలిచి, కౌన్సిలర్ సాబ్ తన దోస్తని, అనవసరంగా పేరు చెడగొట్టుకోవద్దని హితవు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే నేను తొమ్మిదో తరగతికి ప్రాథమిక హక్కుల పాఠం చెప్పాలి. చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

వాడ చివర బోరింగు ఉంది. ఉప్పు నీళ్లు. కొడితే భుజాలు పోయేవి, తాగితే కడుపు పోయేది. తెల్లారి లేచి నేను బస్సు టైముకు ముందే మోసేదాన్ని, పగలు అత్తమ్మ మోసేది. మైలపడ్డ దుప్పట్లు తట్టలో పెట్టుకుని అత్తమ్మ బోరింగు దగ్గరికి పోతుంటే, అక్కడున్న ఆడవాళ్లు ముక్కు మూసుకుని జరిగేవాళ్లు. ఇంటికొచ్చి ఆమె ఆ మాట చెప్పలేదు. నేను ఒక సెలవునాడు వెంట పోయి నా కళ్లతో చూశాను.

అంతలో మామయ్య నీళ్లు తాగడం తగ్గించాడు. గ్లాసు పెదవుల దగ్గర పెడితే తల గోడవైపు తిప్పుకునేవాడు. జ్వరమేమో, నోరు రుచి లేదేమో అనుకున్నాను. అత్తమ్మకే ముందు అర్థమైంది. తాగితే పక్క తడుస్తుంది. తడిస్తే మేం మోయాలి.

"ఎన్నొద్దుల సంది గిట్ల జేస్తున్నవ్?" అని అడిగింది ఆయన్ని. ఆయనకు మాట సరిగ్గా రాదు. ఎడమచెయ్యి ఎత్తి ఆమె భుజం తాకాడు. బిందెలు మోసి కమిలిన చోటు అది.

అత్తమ్మ ఆకుల చాట పక్కకు నెట్టింది. "పిల్లా, రేపు జగిత్యాల పోదాం," అంది నాతో. "గా కోర్టు ఏడుంటదో చూపియ్యి."

మా ఊళ్లో వకీళ్లు లేక కాదు. ఉన్నవాళ్లంతా ఆయన వెంట పెళ్లిళ్లలో ఒకే వరుసలో కూర్చుని తినేవాళ్లు. పక్కింటామె మామయ్యను చూసుకుంటానంది, ఆ మేరకు ఆమె ధైర్యం చేసింది. ఆడవాళ్లకు కోర్టులో ఉచితంగా వకీలును పెడతారని నేను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను కానీ, చెప్పేటప్పుడు పెద్దగా నమ్మలేదు. జగిత్యాల కోర్టు ఆవరణలో న్యాయసేవల ఆఫీసు నిజంగానే ఉంది. అందులో మనుషులూ ఉన్నారు. మాకు ఒక వకీలమ్మను చూపించారు. నాకంటే చిన్నది. అన్నీ వింది, నీళ్ల రశీదులు చూసింది. మధ్యలో ఒక్కసారి కూడా ఫోన్ చూడలేదు. అప్పటికి మాకు అదే పెద్ద మర్యాద.

"అవ్వా, నల్లా తీసేసే అధికారం మున్సిపాలిటీకి అసలే లేదని గాదు," అని చెప్పింది. "నీళ్ల పైసలు గట్టకపోతెనో, పైపుతోని దొంగపని జేస్తెనో తీయొచ్చు. అది గూడ ముందుగాల రాతపూర్వకంగ నోటీసియ్యాలె, జవాబు చెప్పుకోనీకె మీకు టైమియ్యాలె. ఆ తర్వాతనె. జాగ కావాలంటె దానికి వేరే చట్టమున్నది. కొలవాలె, నోటీసియ్యాలె, నష్టపరిహారం గట్టాలె. జాగ కోసం నీళ్లు ఆపుడంటె గొంతు పట్టుకుని సంతకం పెట్టిచ్చుకున్నట్టే. నీళ్లు లేకుంట మనిషి బతకడు. బతికే హక్కంటె గదే."

"అంటె గాయన చేసింది తప్పేనా?" అంది అత్తమ్మ. ఆ మాట ఇంకొకరి నోట వినాలని ఆమెకు ఎంత ఆశగా ఉండిందో అప్పుడు తెలిసింది నాకు.

"గాయన అసలు ఎవరవ్వా?" అంది వకీలమ్మ. "కౌన్సిలర్ గాడు, ఆఫీసర్ గాడు. కౌన్సిలర్ మొగుడనే పదవి ఏ చట్టంల లేదు."

అత్తమ్మ నవ్వింది. పైపు కోసిన తర్వాత ఆమె నవ్వడం అదే మొదలు.

కేసు వేశారు, ముందు నీళ్లివ్వమని వేరే అర్జీ పెట్టారు. ఒకటి రెండు వాయిదాలు పోయాయి. మూడోసారికి మున్సిపాలిటీ జవాబు వచ్చింది. అది విన్నప్పుడు నా చెవులను నేను నమ్మలేదు. నల్లా తొలగించనే లేదట. పైపు లీకవుతుంటే నీళ్లు వృథా కాకుండా తాత్కాలికంగా ఆపారట. రోడ్డు మాట లేదు, సంతకం మాట లేదు. నాతో ఆఫీసులో అంత ధీమాగా మాట్లాడిన ఇంజినీరు, జడ్జి ముందు చేతులు కట్టుకుని చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు. చేసిన పని గొప్పదనుకుంటే అక్కడ చెప్పొచ్చు కదా. చెప్పలేడు.

జడ్జిగారు కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఆ వీధిలో ఎన్ని ఇళ్లకు నీళ్లు ఆపారు?"

"ఈ ఒక్క ఇంటికే సార్," అన్నాడు ఇంజినీరు.

"లీకేజీ బాగు చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"మెటీరియల్ లేదు సార్."

"ఆపడానికి మెటీరియల్ దొరికింది కదా."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వాలనిపించింది కానీ అత్తమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. వెంటనే నీళ్లు ఇవ్వాలని, చట్టంలో ఉన్న కారణం చూపించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా మళ్లీ ఆపకూడదని, జాగా కావాలంటే దానికున్న చట్టం దారిలో పొమ్మని జడ్జిగారు ఉత్తర్వు చెప్పారు. బయటికొచ్చాక అత్తమ్మ, "గిదేనా? అయిపాయెనా?" అని రెండుమూడుసార్లు అడిగింది. ఇంత చిన్న మాట చెప్పించుకోవడానికి ఇంత దూరం రావాల్సి వచ్చిందా అన్నది ఆమె బాధ.

నీళ్లిచ్చే రోజు మళ్లీ ఆ పనివాళ్లే వచ్చారు, ఆ ఇంజినీరే వచ్చాడు. తవ్వి బిరడా తీసి పైపు కలిపారు. కౌన్సిలర్ మొగుడు ఆ పూట ఊళ్లో లేడట. ఇంజినీరు మాత్రం ఆ అబద్ధాన్ని అప్పటికీ విడవలేదు. "లీకేజీ బాగు జేసినం అవ్వా, ఇగ మీకు ఇబ్బంది లేదు," అన్నాడు మేలు చేసినవాడిలా.

"ఏడ కారింది నాయినా?" అంది అత్తమ్మ, గుంతలోకి వంగి చూస్తూ.

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"నీ నోట్లె నుంచి కారింది," అంది.

పనివాళ్లిద్దరూ వెనక్కి తిరిగి గడ్డపారలు సర్దుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల భుజాలు కదలడం నేను చూశాను.

నీళ్లు రాగానే అత్తమ్మ మామయ్యకు తలస్నానం చేయించింది. తర్వాత గ్లాసు నిండా నీళ్లు తెచ్చింది. ఆయన ఆమె మొహం చూసి, తాగాడు. గ్లాసు కింద పెట్టబోతే ఎడమచేత్తో ఆపి, "ఇంగో... టి," అన్నాడు. అత్తమ్మ ఇంకో గ్లాసు తేవడానికి లోపలికి పోయి చాలాసేపు రాలేదు.

కొంతకాలానికి అసలు కొలతలు కొలిచేవాళ్లు వచ్చారు. టేపు పట్టారు, గుర్తులు పెట్టారు, మున్సిపాలిటీ ముద్రతో నోటీసు ఇచ్చారు. తీరా చూస్తే మా గేటు ముందు పోయేది చిన్న ముక్క. అత్తమ్మ నా చేత మొత్తం చదివించుకుని, ఒక్క మాట అడ్డం చెప్పకుండా సంతకం పెట్టింది. నష్టపరిహారం కూడా వచ్చింది. ఆ ముక్క మీద ఆమెకు ఎప్పుడూ అంత మమకారం లేదు. అడిగినవాడి తీరు మీదే ఆమె కోపమంతా.

"గిట్ల ముందుగాలనే అడిగితె ఇయ్యకపోదునా?" అంది.

మాకు పరిహారం వచ్చిన సంగతి వాడలో తెలిసింది. ఇన్నాళ్లూ మొహం తిప్పుకుని పోయినవాళ్లు ఒక్కొక్కరే మా వాకిట్లోకి రావడం మొదలైంది. ముందుగా వచ్చింది ఎదురింటాయనే. ఇష్టపూర్వకంగా ఇస్తున్నామని రాసిచ్చాం కదా, మాకు ఇక ఏమీ రాదా, ఆ వకీలమ్మ ఎక్కడుంటుంది అని. పంతం ఎందుకని నాకు హితవు చెప్పిన నోటితోనే అడిగాడు. నాకు తెలియదన్నాను.

అత్తమ్మ విని బయటికి వచ్చింది. "తెల్వకపోవుడేంది పిల్లా? జగిత్యాల కోర్టుల ఉంటది. రేపు నేనె తోల్కపోత," అంది. ఆయన పోయాక, వాళ్లకు ఎందుకు సాయం అని ఆమెతో కొట్లాడాను. బోరింగు దగ్గర ముక్కు మూసుకున్నవాళ్లు కదా, దాహమైతే నీళ్లివ్వనివాళ్లు కదా అన్నాను.

"పిరికోళ్లు పిల్లా వాళ్లు. పిరికితనం ఏమన్న నేరమా?" అంది.

మర్నాడు పొద్దున వాడలో సగం మందిని వెంటబెట్టుకుని బస్సెక్కింది. పక్కింటామె కూడా పోయింది. నన్ను రమ్మంటే బడి ఉందని చెప్పి కోరుట్ల పోయాను. వాళ్లకు ఏమైనా వస్తుందో రాదో ఇంకా తేలలేదు. వాయిదాలు నడుస్తున్నాయి. వస్తే మంచిదే. కానీ నాకు అత్తమ్మకున్నంత పెద్ద మనసు లేదు, తెచ్చుకోవాలన్న కోరికా లేదు. ఎదురింటాయన ఇప్పుడు రోజూ పొద్దున "బాగున్నవా టీచరమ్మా" అని పలకరిస్తాడు. నేను వినపడనట్టు గేటు వేసుకుంటాను.